వెనక నడిచిన ఫిడేలు

సూర్యాపేటలో నన్ను ఫిడేలు టీచరమ్మ అంటారు. కోదాడలో వయొలిన్ మేడం గారంటారు. మిర్యాలగూడలో మొదటి ఏడాది పిల్లల తల్లులు గీకుడు టీచరని చెప్పుకునేవాళ్ళు. వాళ్ళ పిల్లలకి గీకుడు పోయి పలుకు వచ్చాక ఆ పేరు వాళ్ళే మానేశారు. మూడు పేర్లకూ పలికాను.

ఇప్పుడు వేళ్ళు వాచి పాఠాలు ఆపేశాను. కొత్తగా నేర్పడానికి దిగే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, ఏం చెయ్యాలో చెప్పమని అడుగుతుంటారు. నేను చదివింది ఐదో తరగతి. స్వరాల లెక్కలు, శాస్త్రం పుస్తకాల్లో ఉంటాయి, నాకంటే బాగా ఉంటాయి. నాకు కప్పిన శాలువాలు బీరువాలో ఉన్నాయి, వాటి గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఇరవై ఏళ్ళకు పైగా నేను చేసిన ఒక తప్పు ఉంది. ఆ తప్పు నా ఒక్కదానిదే కాదు, హరికథల వెనక ఫిడేలు వాయించి, తరవాత టీచర్లయిన మా బోటివాళ్ళందరిదీ. అది రాస్తాను. మా కోడలు అక్షరాలు దిద్దింది, మాటలు నావే.

మామ చెప్పిన చూపు

మాది పెన్‌పహాడ్ పక్కన చిన్న పల్లె. ఇంట్లో గొర్రెలు. మా అమ్మ తమ్ముడు మల్లయ్య మామ సూర్యాపేటలో ఉండి, హరికథలు చెప్పే నరహరిదాసు గారి వెనక ఫిడేలు వాయించేవాడు. చదువుకుంటానని నన్ను మామ ఇంటికి పంపారు. చదువు సాగలేదు గానీ, మామ సాధన చేస్తుంటే పక్కన కూర్చుని చూడటం మాత్రం ఒక్క రోజూ మానలేదు. ఒకరోజు ఆయన చాయ్ తాగడానికి లేచినప్పుడు ఫిడేలు తీసి నా కాలి చీలమండ మీద ఆనించుకుని, ఆయన అప్పటిదాకా వాయించింది వాయించాను. చాయ్ గ్లాసుతో గడపలో నిలబడి మామ అంతా విన్నాడు.

"కమాను గొడ్డలి పట్టినట్టు పట్టినవ్ గాని, చెవు మంచిగున్నది పిల్లా. రేపటి సంది కూసో" అన్నాడు.

నాకు పదిహేనేళ్ళప్పుడు మామకి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. ఆ వారంలోనే దాసుగారికి మూడు ఊళ్ళలో కథలున్నాయి. మామ మంచం మీద నుంచే నాకు పని చెప్పి పంపాడు. ఆ మాటలు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

"దాసు నోరు సూడకు పిల్లా. నోరు మోసం జేస్తది. పొట్ట సూడు. పొట్ట లోపటికి గుంజిండంటే పాట ఎత్తుకుంటడు. గొంతుల గుటక పడ్డదంటే ఆపుతడు. నువ్వు ఆయన కంటే ముందుండొద్దు, దూరమూ ఉండొద్దు. ఎండల పోతుంటే మన నీడ ఎట్లొస్తదో గట్ల రావాలె."

మా వృత్తి అంతా ఆ నాలుగు మాటల్లో ఉంది. పాడేవారి పొట్ట చూసి, వాళ్ళ పాట కంటే అర ఊపిరి వెనకగా నడవడం. వినేవాళ్ళకి రెండూ ఒకేసారి వినిపించాలి. ఆ అర ఊపిరి ఉందని మనకి తప్ప ఎవరికీ తెలియకూడదు.

త్రిపురారంలో

నరహరిదాసు గారిది కోదాడ. మనిషి పొడగరి, కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిరతలు. మంచి గొంతు. కథ మధ్యలో హుషారు పుట్టిందంటే ఆ గొంతు శ్రుతి దాటి అంత పైకి వెళ్ళిపోయేది. అది ఆయనకి తెలిసేది కాదు. బిరడాలు తిప్పి తీగలు సవరించుకునే వ్యవధి నాకు ఉండదు. అందుకని ఏ తీగనీ వేలు లేని ఉత్త తీగగా మోగనివ్వకుండా, చెయ్యి మొత్తం ఆయన ఉన్న చోటికి జరుపుకుని, రెండు చరణాల్లో మెల్లగా, చంటిపిల్లని మంచం దించినట్టు ఆయన్ని కిందికి దించుకొచ్చేదాన్ని. జనానికి తెలియదు. ఆయనకీ తెలియదు. మృదంగం వాయించే ఆయన మాత్రం నా వైపు చూసి మీసం కింద నవ్వేవాడు. మల్లయ్య మామ మేనకోడలంటే ఏమిటో అలాంటప్పుడు నాకే అనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది, ఎందుకు దాచాలి.

ఒక శ్రీరామనవమికి త్రిపురారంలో కథ. మధ్యాహ్నం, కల్యాణం అయిపోయి, పందిట్లో జనం పానకాలు తాగుతూ కూర్చున్నారు. దాసుగారు వచనం చెప్పి చెప్పి, తరవాత రావలసిన పద్యం మరిచిపోయారు. అలా నిలబడిపోయారు. నాకా పద్యం కంఠతా వచ్చు. పాపమనిపించి, పద్యం మొదటి పాదం ఫిడేలు మీద వాయించాను. ఆయన అందుకున్నారు. అంతటితో అయిపోయేది. ముందు వరుసలో ఒక పెద్దమనిషి పక్కవాడితో గట్టిగా అన్నాడు.

"దాసుగారికి పిల్ల అందియ్యాలె గదరా."

పందిరంతా నవ్వింది. దాసుగారు పద్యం ఆపేశారు. చేతిలో చిరతలు తెచ్చి నా ముందు పెట్టారు.

"ఏమ్మాయ్, ఇవి కూడా నువ్వే పట్టుకో. కథ నువ్వు చెప్పు. నేను నీ వెనక కూర్చుంటాను" అన్నారు.

నాకు ఇరవై ఏళ్ళు లేవు. లేచి, అందరి ముందూ ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి, తప్పయిందని చెప్తే గానీ ఆయన చిరతలు తీసుకోలేదు. తిరుగు బస్సులో నా పక్క సీట్లో కూర్చుని చల్లగా చెప్పారు. "నీ చెయ్యి చాలా మంచిదమ్మా. కాకపోతే అది ముందు నడిచే చెయ్యి కాదు, వెనక నడిచే చెయ్యి. దాని గౌరవం దానికుంది."

దాసుగారు చెడ్డవారు కారు. ఏ ఊళ్ళో అయినా తనకి ఏ చాప వేస్తే నాకూ అదే చాప వేయించేవారు. నాకు పెట్టకుండా తను తినేవారు కాదు. ఆడపిల్లని వేదిక మీద ఎందుకు కూర్చోబెట్టారని అడిగిన వాళ్ళకి, ఈ అమ్మాయి లేకపోతే నాకు శ్రుతి లేదని జవాబిచ్చేవారు. అలాంటి మనిషి చెప్పిన మాట గనక దాన్ని తప్పని ఎప్పుడూ అనుకోలేదు. ఆశీర్వాదమనుకుని దాచుకున్నాను. ఆ రోజు తరవాత నేనెప్పుడూ ఎవరికంటే ముందు కమాను కదపలేదు. పెద్దవాళ్ళు కోపంలో తిట్టింది మరిచిపోతాం. ప్రేమగా చెప్పిన తప్పు మాట మాత్రం పట్టుకుని జీవితమంతా నడుస్తాం.

మూడు ఊళ్ళ పాఠాలు

కథలకి పిలుపులు తగ్గాక పాఠాలు మొదలుపెట్టాను. రోజూ సూర్యాపేటలో మా ఇంటి ముందు గదిలో. శనివారం కోదాడలో ఒక బడి హాలులో. ఆదివారం మిర్యాలగూడలో రైస్ మిల్లు మేడ మీద. మిల్లు యజమాని మంచాయన, గది ఊరికే ఇచ్చాడు. ఆదివారం మిల్లు ఆడదు గానీ, వారమంతా లేచిన తవుడు దుమ్ము తీగల మీద పడేది. పిల్లలకి మొదటి పాఠం ఫిడేలు తుడవడమే.

నా పద్ధతి మామ పద్ధతే. నేను పాడతాను, పిల్లలు విని వాయిస్తారు. సరళీ స్వరాల నుంచి కృతుల దాకా అంతే. పుస్తకం చూడనివ్వను. నా పిల్లల చెవి గురించి జిల్లాలో ఎవరైనా చెప్తారు. ఏ పాటకచేరీలో పక్కవాద్యానికి మనిషి దొరక్కపోయినా మా ఇంటికి ఫోన్ వచ్చేది. నా పిల్లలు వెళ్ళి, అంతకు ముందు ఎన్నడూ వినని పాట కూడా పాడేవారి వెంట వాయించి వచ్చేవాళ్ళు. అందుకు నాకు గర్వం. మరీ ఎక్కువ గర్వం.

సుజాత

సుజాతది గరిడేపల్లి. తల్లి మరియమ్మ కూలి పనికి వెళ్ళేది, నాట్లప్పుడు ముఠాకి పెద్ద. ఒక పెళ్ళిలో నా ఫిడేలు విన్నదట ఆ పిల్ల. పెళ్ళి అయిపోయి, భోజనాలు అయిపోయి, నేను పెట్టె మూసేదాకా నా ముందు నుంచి లేవలేదట. పదకొండేళ్ళ పిల్లని చెయ్యి పట్టుకుని మరియమ్మ మిర్యాలగూడ మిల్లు మెట్లెక్కింది. మామ ఫిడేలు ఆ పిల్ల చేతికిచ్చాను.

ఏడాది తిరిగేసరికి తల్లి ఫిర్యాదు తెచ్చింది.

"టీచరమ్మా, మా పిల్లకు ఇగ గీదే పిచ్చి. అన్నం తినమంటె గీకుతది, నీళ్ళు తెమ్మంటె గీకుతది. కోళ్ళు గూడ ఇంట్లకొస్తలేవు."

"చదువుతున్నదా?"

"చదువుతది. చదువుకుంట గూడ వేళ్ళు తొడ మీద ఆడిస్తది."

నా దగ్గర నేర్చిన వాళ్ళందరిలో అంత చెవి ఇంకొకరికి లేదు. ఎవరైనా చూడటానికి వస్తే ఆమెతో ఒక ఆట ఆడించేదాన్ని. అప్పటికప్పుడు నోటికొచ్చిన వరస ఒకటి పాడేదాన్ని, మధ్యలో కావాలని విరిచేదాన్ని. ఆమె కూడా సరిగ్గా అక్కడే విరిచేది. వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. నేను నా కంటే పెద్ద పక్కవాద్యగత్తెని తయారుచేశానని పొంగిపోయేదాన్ని.

డిగ్రీ అయ్యాక ఆమెకో దారి కనిపించింది. గురుకుల బడిలో సంగీతం టీచరు కొలువు. దానికి వయొలిన్ డిప్లొమా ఉండాలి. హైదరాబాదులో పరీక్ష. ముగ్గురు పెద్దల ముందు ఒక్కతే కూర్చుని వాయించాలి. పాస్ అవుతుందా లేదా అన్న ఆలోచనే నాకు రాలేదు. ఎంత బాగా పాస్ అవుతుందో చూడటమే.

ఆమె తప్పింది.

మర్నాడు మిల్లు మేడ మీద నా ఎదురుగా కూర్చుని చెప్పింది. ఏడవలేదు. దానికి నాకు ఇంకా భయం వేసింది.

"మోహన రాగం ఆలాపన చెయ్యిమన్నరు టీచర్. కమాను తీగ మీద పెట్టిన. పెట్టి గట్లనే కూసున్న."

"ఎంతసేపు?"

"ఏమో. శ్రుతి పెట్టె మోగుతనే ఉన్నది. మొదలుపెట్టమ్మా అన్నరు. మళ్ళ అన్నరు. ఎవరి కోసం చూస్తున్నవని ఒకామె అడిగింది. నేనేం చెప్పాలె, మీ కోసమని చెప్తనా?"

భయపడ్డావని తిట్టాను. మరియమ్మ చర్చిలో ప్రార్థన చేయించింది. నేను ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టాను. రెండు వైపులా భయానికే మందు వేశాం. రోగం భయం కాదు.

ఇంట్లో వాళ్ళు ఆమెకి ఇంకొక్క ఏడాది ఇచ్చారు. అది మరియమ్మ భర్తతో కొట్లాడి తెచ్చిన ఏడాది. నా ముందే కూతురికి చెప్పింది: "ఒక్క పారి. గంతే. మళ్ళ తప్పినవనుకో, ఫిడేలు టీచరమ్మకు ఇచ్చేసి మిల్లుల పనికి పోవుడే. అప్పుడు నేను గూడ నీ దిక్కు మాట్లాడ."

గొంతు పోయిన శనివారం

ఆ తరవాత నెల రోజులకి నాకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. మాట కూడా రాదు. పాఠం ఎందుకు ఆపాలని కోదాడ వెళ్ళాను. పన్నెండుమంది పిల్లలు, ఫిడేళ్ళు కాళ్ళ మీద ఆనించుకుని, శ్రుతి చేసుకుని కూర్చున్నారు. పోయిన వారం వర్ణం వాయించమని చేత్తో సైగ చేశాను. అందరికీ వచ్చిన వర్ణమే. ఏడాదిగా వాయిస్తున్నారు.

ఎవరూ కమాను కదపలేదు.

మళ్ళీ సైగ చేశాను. ఒకడు మళ్ళీ శ్రుతి చూసుకున్నాడు. ఒకమ్మాయి కమాను వెంట్రుకలకి రోజనం బిళ్ళ రాసుకుంది. పన్నెండు జతల కళ్ళు నా గొంతు వైపే ఉన్నాయి. చివరికి ముందు కూర్చున్న పిల్లాడు చాలా మర్యాదగా అన్నాడు.

"మేడం గారూ, మీరు పాడితే కదండీ, మేం వాయించేది?"

వెనక నుంచి ఒక పిల్ల ఫోన్ తీసింది. "పోయిన వారం మేడం గారు పాడింది రికార్డు ఉందండీ. పెట్టమంటారా?"

పెట్టింది. ఫోన్‌లో నా గొంతు ఎత్తుకుంది. వెంటనే పన్నెండు కమానులూ కదిలాయి. ఎంత బాగా వాయించారో. ఒక్క స్వరం తప్పు లేదు. నేను ఎదురుగా మూగదానిలా కూర్చుని, నా పిల్లలు నన్ను వదిలేసి ఫోన్‌లోని నా గొంతు వెనక నడుస్తుంటే విన్నాను. ఆ గది నిండా ఉన్నది నా తప్పే. పాట ఎత్తుకోవడం నేను ఎవరికీ నేర్పలేదు. ఎత్తుకోవడం కూడా నేర్పాలని నాకు తెలియదు.

ఇంటికొచ్చి ముందు గదిలో తలుపు వేసుకున్నాను. ఫిడేలు తీసి, కమాను తీగ మీద పెట్టి, మోహన మొదలుపెడదామనుకున్నాను. చెయ్యి కదలలేదు. నలభై ఏళ్ళకు పైగా వాయించిన చెయ్యి. కళ్ళు ఎదుటి గోడ మీద పొట్ట కోసం వెతుకుతున్నాయి.

మా ఆయన సైకిల్ షాపు మూసి వచ్చి, తలుపు తోసి చూశాడు.

"ఎవ్వల కోసం సూస్తున్నవే?" అన్నాడు. నేను గొంతు వైపు చెయ్యి చూపించాను. ఆయనే అన్నాడు: "దాసుగారు రాడు. ఆయన పోయి పదేండ్లాయె."

ఆయన చెప్పులు విప్పి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. ఆ మాట అన్న సంగతి ఆయనకి గుర్తు కూడా లేదు, తరవాత అడిగితే.

మిల్లు మెట్ల మీద

గొంతు వచ్చాక ఆదివారం సుజాతకి చెప్పాను. తప్పు నీది కాదు, నాది. నాకు రానిది నీకు నేర్పలేకపోయాను అని. శిష్యురాలి ముందు ఆ మాట అనడానికి మిర్యాలగూడ బస్సులో దారి పొడుగునా మనసులో అనుకుంటూ వెళ్ళాను. ఆమె తల వంచుకుని విన్నది.

"ఇప్పుడు చెప్తె ఏం లాభం టీచర్. నాకు ఒక్క ఏడాదే ఉన్నది. గండ్ల నెలన్నర పోయింది."

నిజమే. ఇక మాటలతో అయ్యేది కాదు. పనే ఉంది.

"ఏదో ఒకటి ఎత్తుకో" అన్నాను.

"ఏది టీచర్?"

"నీ ఇష్టం."

"నా ఇష్టమంటె ఎట్ల టీచర్. మీరు చెప్పుండ్రి."

చెప్పలేదు. చాలాసేపటికి ఆమె కమాను కదిలింది, నేను సంతోషపడ్డాను. రెండో ఆదివారానికి నాకు అనుమానం వచ్చింది. నేను ఊపిరి పీల్చినప్పుడల్లా ఆమె ఎత్తుకుంటోంది. మా మామ నాకు పొట్ట చూడమన్నాడు. ఈ పిల్ల చూడకుండానే నా ఊపిరి వింటోంది. వెనక కూర్చున్నాను. అయినా విన్నది. ఇక లాభం లేదని లేచి బయటికి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, మిల్లు మెట్ల మీద కూర్చున్నాను.

లోపల నిశ్శబ్దం. అరగంట. గంట. కింద నుంచి మిల్లు వాచ్‌మన్ తల ఎత్తి చూశాడు.

"ఏందమ్మా, బయట కూసున్నరు? లోపట పిల్ల అలిగిందా?"

"లేదయ్యా. పాఠం నడుస్తుంది."

"సప్పుడు లేదు గదమ్మా."

"గదే పాఠం."

ఆయన నా వైపు ఒకలా చూసి, బీడీ వెలిగించుకోవడానికి గేటు దగ్గరికి పోయాడు.

నాలుగు ఆదివారాలు అలాగే అయింది. ఐదో ఆదివారం లోపల నుంచి ఒక కూత వచ్చింది. మొదలు అంటే అదొక మొదలు కాదు, గేటు కిర్రుమన్నట్టు వచ్చి ఆగింది. మళ్ళీ వచ్చింది. నా నోట్లో సరైన వరస సిద్ధంగా ఉంది. లేచి తలుపు తోసి, అలా కాదే, ఇలా అని పాడటానికి ఒక్క అడుగు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ముప్పై ఏళ్ళ టీచరు పనిలో నేను చేసిన కష్టమైన పని ఏదంటే, ఆ మెట్ల మీద ఊరికే కూర్చోవడం.

కొత్తగా నేర్పడానికి వచ్చే పిల్లలకి ఇక్కడే ఒక మాట. మీరంతా ఇప్పుడు పాఠం ఫోన్‌లో పాడి పంపుతున్నారు. పిల్లలు వంద సార్లు విని, మీ కంటే శుద్ధంగా వాయించి తిరిగి పంపుతారు. మీరు మురిసిపోతారు. నేనూ మురిశాను. వారంలో ఒక్క పూట మీ గొంతు గానీ, మీ ఫోన్ గానీ లేకుండా వాళ్ళని కూర్చోబెట్టండి. అప్పుడు వచ్చేదే వాళ్ళకి వచ్చిన సంగీతం. మిగతాది మీది.

సూర్యాపేటలో, కోదాడలో కూడా పద్ధతి మార్చాను. ప్రతి పాఠం ఒక పిల్ల ఎత్తుకోవాలి, మిగతావాళ్ళు, వాళ్ళతోపాటు నేను, వెనక రావాలి. తల్లిదండ్రులు కొందరికి నచ్చలేదు. టీచరు ముసలిదైంది, పిల్లలతోనే పాఠం చెప్పిస్తోందని ఇద్దరు మానేశారు. మాననీ అనుకున్నాను. వెనక నడవడం చిన్న పని అని నేను ఇప్పటికీ అనను. నా అంత బాగా వెనక నడిచినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు, అది నా ఆస్తి. కాకపోతే పిల్లకి రెండు కాళ్ళూ ఉండాలి. నేను ఒక్క కాలే ఇచ్చి పంపాను.

తలుపు బయట

ఏడాది తిరిగింది. పరీక్షకి నేనూ సుజాతతో హైదరాబాదు వెళ్ళాను. మరియమ్మ రాలేదు. నాట్ల కాలం, ముఠాని వదిలి రాలేదు. బస్సెక్కించడానికి వచ్చి కూతురితో ఏమీ అనలేదు. నాతో మాత్రం అన్నది: "నేను మాట ఇచ్చిన టీచరమ్మా, ఇంటాయనకు. మాట దప్ప." అంటే మామ ఫిడేలు నా ఇంటికి తిరిగి రావడానికి ఒక్క గది దూరమే ఉంది.

పరీక్ష గది తలుపు వేశారు. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ముందు శ్రుతి పెట్టె మోగింది. ఒక మగ గొంతు మళ్ళీ మోహనే అడిగింది. తరవాత ఏమీ లేదు. శ్రుతి ఒక్కటే.

నేను బయట మోహన ఎత్తుకున్నాను. మనసులోనే. నేను ఎప్పుడూ నేర్పే తీరులో, కింది షడ్జం పట్టుకుని మెట్టు మెట్టుగా. అక్కడికి రా తల్లీ, నేను ఇక్కడే ఉన్నాను అన్నట్టు. ఆమె రాలేదు. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. రాలేదు. మళ్ళీ అదే జరుగుతోందని అనుకున్నాను.

అప్పుడు వచ్చింది. పై షడ్జంలో. ఏ ఆసరా లేకుండా, ఒక్కటే స్వరం, నిటారుగా. అక్కడ వేలు వెంట్రుక వాసి జరిగినా దాచుకోవడానికి చోటుండదు, అందుకే నేను ఏ పిల్లకీ అక్కడ మొదలుపెట్టమని చెప్పను. ఆమె అక్కడ నిలబడి, తొందరపడకుండా, కిందికి చూస్తున్నట్టు కాసేపు ఉండి, ధైవతం మీదుగా దిగడం మొదలుపెట్టింది. దిగుతూ ఒక మలుపు తిప్పింది. తరవాత ఎక్కడికి వెళ్తుందో నాకు తెలియలేదు.

జీవితమంతా నేను ఎదుటివాళ్ళు ఎటు పోతారో ముందే పసిగట్టి బతికిన దాన్ని. దాసుగారి గొంతులో గుటక పడక ముందే నాకు తెలిసేది. ఆ వరండాలో నా చెవి మొదటిసారి వెనకబడింది. అటు వెళ్తుందనుకుంటే ఇటు వచ్చింది. ఇటు వస్తుందనుకుంటే ఆగింది. నేను మనసులో పాడటం మానేసి, ఊరికే కూర్చుని విన్నాను.

బయటికి వచ్చాక ముందు నీళ్ళు తాగింది. నేనే ఆగలేక అడిగాను.

"గట్ల మీది నుంచి ఎందుకు ఎత్తుకున్నవే? తప్పితే ఏమయ్యేది?"

"కింది నుంచి ఎత్తుకుంటె బయట మీరు నాతోని పాడుతరు టీచర్. నాకు తెల్సు. మీరు పాడుతుంటె నేను ఆగుతా." మూతి తుడుచుకుంది. "అందుకే మీరు రాని కాడ మొదలుపెట్టిన."

ఆమె పాసయింది. ఆ కొలువూ వచ్చింది. ఇప్పుడు ఆమె బడిలో పిల్లలకి ఫిడేలు నేర్పుతోంది. ఆ కాగితాలన్నీ తరవాత వచ్చాయి. నా మటుకు పరీక్ష ఆ వేళ బస్సులోనే అయిపోయింది. సుజాత కిటికీ పక్కన కూర్చుని, ఊరు దాటక ముందే నిద్రపోయింది. నేను ఎడమ చేతి వేళ్ళు మోకాలి మీద పెట్టుకుని, ధైవతం దగ్గర ఆమె తిప్పిన ఆ మలుపు కోసం వెతుకుతూ కూర్చున్నాను. చౌటుప్పల్ దాటింది, దొరకలేదు. నార్కట్‌పల్లి దాటింది. వచ్చినట్టే వచ్చి జారిపోతోంది. నకిరేకల్ దగ్గర ఇక ఓర్చుకోలేక ఆమె భుజం తట్టాను.

"ఏంది టీచర్?"

"ఆ దిగేటప్పుడు ఒకటి తిప్పినవ్ సూడు. మళ్ళొక్కసారి చెప్పు."

ఆమె కళ్ళు నులుముకుని నా వైపు చూసింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. సర్దుకుని కూర్చుని, మెల్లగా పాడి వినిపించింది. నేను వాయించాను, మోకాలి మీద.

"గట్ల కాదు టీచర్" అన్నది. "ఇంకొంచెం ఆగాలె."

ఆగాను. సూర్యాపేట బస్టాండు వచ్చేసరికి నాకు వచ్చింది.